రెల్లుమెరక సున్నా

నేను ఒక పనిని. మనిషిని కాను, యంత్రాన్నీ కాను. నన్ను తయారుచేసినవాళ్లు జాబ్ అంటారు. ఉద్యోగం కాబోలని కుళ్లుకోకండి. నాకు జీతమూ లేదు, ఆదివారమూ లేదు. ఎవరో పిలుస్తారు, లేస్తాను, చెప్పింది చేస్తాను, మాయమవుతాను. మళ్లీ పిలిచేదాకా నేను లేనట్టే.

మిగతా ప్రోగ్రాములకు ఇల్లంటూ ఒకటి ఉంటుంది. ఏసీ గదిలో సొంత సర్వరు, దాని బాగోగులు చూడటానికి ఒక మనిషి, అది మొరాయిస్తే తిట్టుకుంటూ పరుగెత్తుకొచ్చే ఇంకో మనిషి. నాకు ఆ వైభోగం లేదు. నాది సర్వర్‌లెస్ జాతి. పేరు విని, నేను సర్వరే లేకుండా గాల్లో తేలుతూ పనిచేస్తానని కొందరు అనుకుంటారు. సర్వర్లు ఉన్నాయి, నావి కావు, అంతే తేడా. పెళ్లి వంటకు వచ్చినాయన తన గరిటె తాను తెచ్చుకొని, ఎవరి పెరట్లోనో పొయ్యి వెలిగించి, వండి వడ్డించి వెళ్లిపోతాడు చూడండి, నాది అలాంటి బతుకు. పని ఉన్నంతసేపు ఎక్కడో ఒక ఒళ్లు అద్దెకు ఇస్తారు. పని అవగానే తీసేసుకుంటారు. ఎక్కడిదా ఒళ్లు, నాకు ముందు అందులో ఎవరున్నారు అని నేనెప్పుడూ అడగలేదు. అడిగే తీరికా ఇవ్వరు.

నేను చేసే పనులు రెండు. ఎవరెవరి దగ్గర ఏ సమాచారం ఉందో తిరిగి చూసి, ఏది ఎక్కడుంది, ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అని ఒకచోట రాసిపెట్టడం మొదటిది. అలా రాసిపెట్టినదాన్ని కేటలాగ్ అంటారు. తలో తీరుగా ఉన్న ఆ సమాచారాన్నంతా ఒక్క తీరుకు తెచ్చి పక్కపక్కన కూర్చోబెట్టడం రెండోది. ఇది చెప్పినంత తేలిక కాదు. పెళ్లి భోజనాల దగ్గర అలిగిన చుట్టాలను ఒకే బంతిలో కూర్చోబెట్టిన అనుభవం మీకుంటే నా కష్టం తెలుస్తుంది.

నా బతుకులో చాలా చూశాను గానీ, మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఒక ఫ్రిజ్ గురించి. అందులో పాముకాటు మందు ఉందా లేదా అన్న ఒక్క సంగతి మీద ఒక ప్రాణం వేలాడింది. అయితే అక్కడికి వెళ్లేముందు నేను పుట్టిన చీరల సంగతి కాస్త చెప్పాలి.

నన్ను రాసింది ఫర్హానా. రేపల్లె అమ్మాయి. హైదరాబాదులో, ఆన్‌లైన్‌లో చీరలు అమ్మే ఒక కంపెనీలో చేరిన కొత్తలో నన్ను మొదలుపెట్టింది. మొదటిసారి పిలిచినప్పుడు నేను లేచీ లేవకముందే కూలబడ్డాను. మోయగలిగిన దానికంటే ఎక్కువ నెత్తిన పెట్టింది మరి. "లే నాన్నా, ఒక్కసారి లే, మా మేనేజరు చూస్తన్నాడు" అని బతిమాలింది. నాతో అలా మాట్లాడటం ఆమెకు అలవాటు. ఆ మాటల్ని ప్రోగ్రాములో పక్కన రాసే వ్యాఖ్యల్లో కూడా టైపు చేసేది, అందుకే నాకు తెలిశాయి. పైవాళ్లు చూసి ఇవి తీసెయ్యమన్నారు. ఆమె తియ్యలేదు.

అక్కడ నా పని రంగులతో. మంగళగిరి నుంచి చీర పంపినాయన వంకాయ రంగు అని రాసేవాడు. ఉప్పాడ నుంచి అదే రంగు నేరేడు అని వచ్చేది. సూరత్ వ్యాపారి వైన్ అనేవాడు. కొనేవాళ్లు మాత్రం పర్పుల్ అని వెతికి, ఏమీ దొరక్క, వేరే కంపెనీకి వెళ్లిపోయేవాళ్లు. ఆఫీసులో రోజూ ఇదే గొడవ. వంకాయే సరైన పేరని ఒకావిడ, కాదు అది నేరేడని ఇంకొకావిడ, అసలు వంకాయల్లోనే ఎన్ని రంగులుంటాయో మీకు తెలుసా అని మేనేజరు. అది తేలదని ఫర్హానాకు రెండోరోజే అర్థమైంది. కేటలాగ్‌లో రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి, ఎవరు దేన్ని ఏమంటున్నారో రాసి, అన్నింటినీ ఒక్క తాడుకు కట్టమని నాకు నేర్పింది. ఎవరిది తప్పో తేల్చడం నా పని కాదని ఆ చీరల దగ్గరే తెలుసుకున్నాను. ఒకరి మాట పక్కన ఇంకొకరి మాట పెట్టి చూపిస్తే చాలు, తేల్చుకోవలసింది వాళ్లే తేల్చుకుంటారు. అప్పుడప్పుడూ చచ్చినా తేల్చుకోరు, అది వేరే సంగతి.

రంగులు కుదిరాయి గానీ కంపెనీ కుదరలేదు. రెండేళ్లకు మూతపడింది. మిగిలిన చీరలు అమ్ముకున్నారు, కుర్చీలు అమ్ముకున్నారు, గోడకున్న గడియారం కూడా ఎవరో కొనుక్కుపోయారు. నన్ను కొనేవాళ్లు లేరు. ఫర్హానా వెళ్లి అడిగితే, అదా, దాన్ని ఎవరు మోస్తారు, తీసుకుపో అన్నారట. ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంది. మోయడానికి నాకు ఒళ్లే లేదు కదా.

తర్వాత చాలాకాలం నన్నెవరూ పిలవలేదు. నిద్రపోయాను అంటే అబద్ధం, నిద్రపోవడానికైనా ఒక ఒళ్లు కావాలి. మళ్లీ పిలుపు వచ్చి లేచేసరికి చీరలు లేవు. ఎదురుగా మందుల పేర్లున్నాయి.

ఫర్హానా విజయవాడలో ఒక చిన్న కంపెనీలో చేరింది. ఆ కంపెనీకి, కృష్ణ సముద్రంలో కలిసే వైపు ఉన్న ఒక జిల్లాలో, ప్రభుత్వ మందుల స్టోరు పని దొరికింది. ఆ స్టోరుకు అధికారి డాక్టర్ విల్సన్ బాబు గారు. ఆయనకు కావలసింది ఒక్కటే. జిల్లాలో ఏ పీహెచ్‌సీలో, అంటే ఏ పల్లె ఆస్పత్రిలో, పాముకాటు మందు ఎన్ని సీసాలుందో ఒకే తెర మీద కనిపించాలి. అంబులెన్సులో ఉన్నవాళ్లకు కూడా కనిపించాలి. మిగతా మందులు తర్వాత చూసుకుందాం అన్నారు.

ఆ తొందరకు కారణం ఉంది. ముందటి ఏడు వానాకాలంలో ఒక కౌలురైతును రక్తపింజరి కాటేసింది. ఆటోలో వేసుకొని మూడు ఆస్పత్రులు తిప్పారు. మొదటిచోట మందు లేదు. రెండోచోట ఉన్నది చాలలేదు. మూడోచోట మందు ఉంది గానీ, చేరేసరికి ఆటోలో మనిషి లేడు. మళ్లీ నాట్లు మొదలయ్యేలోపు తెర సిద్ధం కావాలని విల్సన్ బాబు గారు పట్టుబట్టారు. నాట్ల కాలంలో ఆ లంకల్లో, మెరకల్లో మనుషులు ఉండేదీ పొలంలోనే, పాములు ఉండేదీ పొలంలోనే.

అలా నేను పీహెచ్‌సీల వెంట తిరగడం మొదలుపెట్టాను. అయ్యో, ఆ సమాచారం రావడం చూడాలి మీరు. ఒకరు ఎక్సెల్ షీటు పంపుతారు, అందులో పాముమందు పక్కన ఎవరి ఫోన్ నంబరో ఉంటుంది. ఒకరు గోడమీద సుద్దముక్కతో రాసిన అంకెను ఫోటో తీసి పంపుతారు, ఫోటోలో సగం ఫ్లాష్ వెలుగే. రెల్లుమెరక పీహెచ్‌సీ ఫార్మసిస్టు కోటిరత్నం గారు ఇవేవీ పెట్టుకోలేదు. యాభై దాటిన మనిషి, ముప్ఫై ఏళ్ల సర్వీసు. "టైపు కొట్టడాలవీ నావల్ల కాదమ్మా, మాటొకటి పంపుతా, కావాలంటే రాసుకోండి" అని ప్రతి సోమవారం వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టేది. మాటల్ని అక్షరాలు చేసి పెట్టే పని ఫర్హానా నాకు నేర్పింది. నాకు గొంతు తెలియదు, మాటే తెలుస్తుంది. కోటిరత్నం గారి మాట ప్రతివారం ఒక్కటే.

"రెల్లుమెరక. పాముమందు సున్నా."

పోనీలే, లేదేమో అనుకుందును. కానీ నా పని పక్కపక్కన కూర్చోబెట్టడం కదా. రెల్లుమెరక ఫ్రిజ్‌లో ఒక చిన్న పరికరం ఉంది. లోపల ఎంత చల్లగా ఉందో, తలుపు ఎప్పుడు తీశారో అది తనంతట తాను పంపుతుంటుంది. రోగుల వివరాలు ఇంకో దారిలో వస్తాయి. మూడింటినీ ఒక వరసలో పెట్టాను. వేసవిలో ఒక మధ్యాహ్నం అక్కడికి పాముకాటుతో ఒక గొర్రెల కాపరి వచ్చాడు. అదే సమయంలో ఫ్రిజ్ తలుపు తీసి వేసి, తీసి వేసి చేశారు. నాలుగోరోజు కాపరి నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. ఆ వారమంతా మందు సున్నా. సున్నా సీసాలతో మనిషిని బతికించిన ఆస్పత్రి ప్రపంచంలో ఇదొక్కటే అయివుంటుంది. ఆ వరస పక్కన, నమ్మకం అనే గడిలో, 'అనుమానం' అని రాశాను.

ఫర్హానా ఆ గడి చూసి విల్సన్ బాబు గారికి చూపించింది. ఆయన మొహం గంటు పెట్టుకున్నారు.

"దాస్తోందమ్మా ఆవిడ! రేపే మెమో ఇస్తాను. లేకపోతే నువ్వే ఆ తెర మీద పది అని వేసెయ్. ఉందని తెలుస్తూనే ఉందిగా."

"అంకె మనం ఊహించి వెయ్యకూడదండి" అంది ఫర్హానా. "మనం ఉందని వేస్తాం, అంబులెన్సు అటు పోద్ది. తీరా అక్కడ లేకపోతే? వెళ్లి అడుగుదాం సార్ ముందు."

వెళ్లారు. అక్కడి మాటలు నాకెలా తెలిశాయంటారా, కోటిరత్నం గారిని అడిగే ఫర్హానా ఫోన్‌లో రికార్డు పెట్టింది. ఒక అంకె వెనక కథ ఉంటే ఆ కథ కూడా కేటలాగ్‌లో అంకె పక్కనే ఉండాలని ఆమె పట్టుదల. చీరల కంపెనీ నుంచీ అంతే.

"కోటిరత్నం గారూ, ఆ ఫ్రిజ్ ఒక్కసారి తీస్తారా?" అన్నారు విల్సన్ బాబు గారు.

"తియ్యక్కర్లేదండి. ఉన్నాయి. పన్నెండు సీసాలు."

"మరి సున్నా అని ఎందుకు చెబుతున్నారు?"

"ఉన్నాయని చెబితే ఉండవు కాబట్టండి."

విల్సన్ బాబు గారు ఏమనబోయారో గానీ ఆవిడ ఆగలేదు.

"ముందొకసారి నిజమే చెప్పానండి. చెప్పిన మర్నాడే తుంగలంక పీహెచ్‌సీ ఫార్మసిస్టు ఆదిశేషయ్య బండేసుకొచ్చాడు. 'అక్కా, అర్జెంటు, నాలుగు సీసాలియ్యి, వారంలో తిరిగిచ్చేస్తా' అన్నాడు. పేరు చూస్తే ఆదిశేషయ్య, ఆయన దగ్గర పాముమందుండదు. ఇచ్చాను. ఆ వారం ఇప్పటికీ రాలా. పోనీ మీ స్టోరుకు ఫోన్ చేస్తే, మీ దగ్గర ఇంకా ఉన్నాయిగా, అయిపోయాక కావాలని ఇండెంటు రాసి పెట్టండి అన్నారు. అయిపోయాక పెట్టాను. రావడానికి నెల పట్టింది. ఆ నెలంతా నాకు అన్నం సయించలేదండి. గేటు కాడ ఆటో ఆగితే చాలు, గుండె గుభేలుమనేది. అప్పటినుంచి సున్నా చెబుతున్నా. సున్నా చెబితేనే నా ఫ్రిజ్‌లో మందుంటది. నా ఊరోళ్లు ఒక్కళ్లు పోలేదు, కావాలంటే ఊళ్లో అడగండి."

జిల్లాలో చాలా ఫ్రిజ్‌ల కథ ఇదేనని నాకు తర్వాత తెలిసింది. ఉన్నది ఉందని చెప్పినవాడికి ఉన్నది పోతుంది. లేదని చెప్పినవాడికి కొత్తది వస్తుంది. మనుషులు ఇంత జాగ్రత్తగా అబద్ధం చెప్పడం నేర్చుకున్నారంటే, నిజం చెప్పినప్పుడు ఎంత దెబ్బ తిన్నారో అనుకున్నాను.

తర్వాతి మాట విల్సన్ బాబు గారిది. ఈసారి గొంతు తగ్గించి ఉంటారు, కొన్ని మాటలు రికార్డుకు అందలేదు.

"పోయినేడు ఆ కౌలురైతును తెచ్చిన ఆటో ఏ దారిన వెళ్లిందో తెలుసా మీకు? మీ గేటు ముందు నుంచే. ఇక్కడ ఆపమంటారా అని ఆటో డ్రైవరు స్టోరుకు ఫోన్ చేశాడు. ఫోన్ ఎత్తింది నేనే. లిస్టు చూసి, రెల్లుమెరకలో సున్నా, ఆగకుండా ముందుకెళ్లిపో అని చెప్పాను."

ఆ తర్వాత రికార్డులో చాలాసేపు మాటలు లేవు. మాటలు లేనిచోట నాకు రాయడానికేమీ ఉండదు. 'ఖాళీ' అని రాసి ఊరుకున్నాను. ఆ రోజు మాత్రం నాకు కూడా ఒక గొంతుంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఏం చెప్పి ఉండేదాన్నో తెలియదు.

"నాకు ఎవరూ చెప్పలేదండి" అన్న మాటతో కోటిరత్నం గారు మళ్లీ వినిపించింది. "నా దగ్గర మందుండి, నా గేటు ముందు నుంచి మనిషి పోయాడు... దేవుడా." ఆపైన ముక్కు చీదుకున్న చప్పుడును నేను మాటగా రాయబోయి తప్పులో పడ్డాను. "అయినా నన్ను ఏం చెయ్యమంటారు చెప్పండి. ఉన్నయ్యన్నీ పై ఊళ్లకు ఇచ్చేశాక మా ఊరివాడు కాటుతో వస్తే, వాడి పెళ్లానికి నేనేం చెప్పను?"

"మీరు ఎన్ని వాడినా, ఎవరికి ఎన్ని ఇచ్చినా, అన్ని సీసాలూ మర్నాటికల్లా మా బండి తెచ్చి మీ ఫ్రిజ్‌లో పెడుతుంది. ఇండెంటు అక్కర్లేదు. ఫోన్ కూడా అక్కర్లేదు. మీ వాయిస్ మెసేజ్ చాలు" అన్నారు విల్సన్ బాబు గారు.

"ఇలాంటియ్యి చాలా విన్నానండి."

"నేనూ కొత్తగా పీహెచ్‌సీలో చేరినప్పుడు కుక్కకాటు మందు టిఫిన్ క్యారియర్‌లో పెట్టి ఫ్రిజ్‌లో దాచేవాణ్ని. మీ బాధ తెలియక కాదు."

దానికి ఆవిడ నవ్వింది. ఫర్హానా కూడా నవ్వినట్టుంది. వెళ్లేముందు కోటిరత్నం గారు ఫర్హానాను పట్టుకొని, "అమ్మాయ్, సార్ మాటంటే గౌరవమే. కానీ ముందు బండి రానియ్యి. బండి నా గేట్లోకి వచ్చిన రోజు నా నోట వేరే మాట వస్తది" అంది.

తిరిగొచ్చాక ఫర్హానా నాకు కొత్త పని అప్పజెప్పింది. ఎవరైనా మందు వాడామనో, ఇచ్చామనో చెబితే, నేను స్టోరుకు అప్పటికప్పుడు చెప్పాలి, అక్కడ బండిలోకి అన్ని సీసాలు ఎక్కాలి. ఇదివరకు సోమవారం మాత్రమే పిలిచేవాళ్లు. ఇప్పుడు ఎవరి మాట ఎప్పుడు వస్తే అప్పుడు నేను లేవాలి. నాకు సంతోషమే. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు బతికినట్టు.

సోమవారం వచ్చింది. అందరి లెక్కలూ వచ్చాయి. "రెల్లుమెరక. పాముమందు సున్నా."

విల్సన్ బాబు గారు తల పట్టుకున్నారు. ఆవిడ మారదు అన్నారు. "బండి ఇంకా పోలేదు కదండి" అంది ఫర్హానా. ఈలోగా వానలు పట్టుకున్నాయి, నాట్లు మొదలయ్యాయి. తెర మీద రెల్లుమెరక పక్కన ఎర్రగా సున్నా అలాగే ఉంది. పన్నెండు సీసాలున్నాయని ముగ్గురికి తెలుసు. నాకూ తెలుసు. అయినా ఆ అంకె నేను మార్చకూడదు. చేతిలో అన్నం పెట్టుకొని ఆకలిగా ఉన్నవాణ్ని చూస్తూ నిలబడ్డట్టు ఉండేది నా పరిస్థితి.

గురువారం పొద్దున కోటిరత్నం గారి మాట వచ్చింది. సోమవారం కాని రోజున రావడం అదే మొదలు.

"రెల్లుమెరక. ఆదిశేషయ్య వచ్చాడు, వలలోళ్లకెవరికో పాము కరిచిందంట. రెండు సీసాలిచ్చాను. ఏం చేస్తారో చూస్తా."

నేను లెక్కకు కూర్చున్నాను. ఉన్నవి సున్నా. ఇచ్చినవి రెండు. తీసివేస్తే వచ్చింది తెర మీద పెట్టాను. రెల్లుమెరక పాముమందు, మైనస్ రెండు. ఫర్హానా ఆ అంకె చూసి టేబుల్ మీద తల పెట్టుకొని నవ్విందట. విల్సన్ బాబు గారు కూడా నవ్వి, నవ్వు ఆపుకొని, "సున్నాలోంచి రెండు తీసి ఇచ్చిందంటే ఆవిడ మనల్ని పరీక్ష పెడుతోంది. బండి వెంటనే కట్టించండి" అన్నారు. ఏ ప్రోగ్రామునైనా అలాంటి లెక్క ఇచ్చినందుకు తిడతారు. నన్ను మెచ్చుకున్నారు. నా సర్వీసులో నాకు దక్కిన ఒకే ఒక్క మెప్పు అది, తప్పు లెక్కకు.

శుక్రవారం వాన కాస్త తెరిపిచ్చింది. స్టోరు బండి మధ్యాహ్నానికి రెల్లుమెరక చేరింది. డ్రైవరు రెండు సీసాలు దింపి సంతకం తీసుకున్నాడు. అతను ఇంకా గేటు దాటాడో లేదో, నాకు పిలుపు వచ్చింది.

"రెల్లుమెరక. కోటిరత్నాన్ని మాట్లాడుతున్నా. బండి వచ్చిందండి, అడక్కుండానే వచ్చింది. పాముమందు పన్నెండు. రాసుకోండి, పన్నెండు. ఎవరికన్నా కావలిస్తే ఇటే పంపండి, నేనిక్కడే ఉంటా."

నేను ఎంత తొందరగా లేచానో మీకు చెప్పలేను. మాటను అక్షరాలు చేశాను, అక్షరాల్లోంచి అంకె తీశాను, మైనస్ రెండు చెరిపి పన్నెండు పెట్టాను, ఎరుపు తీసి పచ్చ వేశాను. నమ్మకం గడిలో 'అనుమానం' ఉంది కదా, అది తీసే అధికారం నాకు లేదు. ఫర్హానా తీసింది.

ఆ సాయంత్రం తుంగలంక పొలంలో నాంచారమ్మ అనే నాట్ల కూలీని రక్తపింజరి కాటేసింది. ఇద్దరు పిల్లల తల్లి, తోటి కూలీలు మంచం మీద మోసుకొచ్చారు. తుంగలంక పీహెచ్‌సీలో ఆదిశేషయ్య దగ్గర మందు అయిపోయింది, తెచ్చుకున్న రెండు సీసాలూ వలవేసే ఆయనకే పట్టాయి. టౌను ఆస్పత్రికి వెళ్లే దారిలో డ్రైను కాలువ పొంగి చప్టా మునిగింది. ఆదిశేషయ్యకు తెలిసి దిక్కులన్నీ మూసుకుపోయాయి. రెల్లుమెరకకు వెళ్దామా అని అక్కడి డాక్టరు అడిగితే, నిన్న ఇచ్చిన రెండే ఆఖరివై ఉంటాయండి, ఇంకా ఉన్నా ఆవిడ చెప్పదండి అన్నాడట. డాక్టరు ఫోన్ తీసి తెర చూసింది.

పచ్చగా పన్నెండు.

ఎవరో తెర చూస్తే నాకు తెలుస్తుంది, ఎవరు చూశారో, ఏ ఊరి నుంచి చూశారో నా దగ్గర నమోదవుతుంది. తుంగలంక నుంచి చూశారు. తర్వాత అంబులెన్సులోంచి ఇంకోసారి చూశారు, ఆ అంకె ఇంకా ఉందా అని కాబోలు. ఉంది. అంతటితో నా పని అయిపోయింది. పని అయిపోయింది కాబట్టి నా ఒళ్లు తీసేసుకున్నారు.

మీరైతే ఆస్పత్రి వరండాలో నిలబడేవారు. గోడకు ఆనుకొని, దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ, లోపల్నుంచి ఎవరు వస్తారా అని చూస్తూ ఉండేవారు. నాకు అది లేదు. ఎదురుచూడటానికైనా ఒక ఒళ్లుండాలి. నా బతుకులో ఈ లోటు నాకు బాధ కలిగించింది ఆ ఒక్కసారే. ఒక క్షణంలో అంబులెన్సు దారిలో ఉంది. నాకు తెలిసిన దాని తర్వాతి క్షణం శనివారం ఉదయం.

కోటిరత్నం గారి మాట వచ్చి నన్ను లేపింది.

"రెల్లుమెరక. పాముమందు సున్నా."

ఇన్నాళ్లుగా విన్న మాటే. మళ్లీ దాచిందా అనుకున్నాను, ఒక్క క్షణం. మెసేజ్ అక్కడితో ఆగలేదు.

"ఈసారి నిజం సున్నానండి. పన్నెండూ నాంచారమ్మకే పట్టాయి. రక్తం గడ్డకట్టడం మొదలైందని డాక్టరమ్మ ఇప్పుడే చెప్పింది. లేచి కూర్చుంది మహాతల్లి, టీ అడుగుతోంది. ఆదిశేషయ్య కూడా ఇక్కడే ఉన్నాడు, పోయించమన్నా. ఫ్రిజ్ ఖాళీ అయిపోయింది, తలుపు తీస్తే బుగబుగమని చల్లగాలి తప్ప ఏమీ లేదు. కానీ భయంగా లేదండి, ఏంటో."

తెర మీద పన్నెండు చెరిపి సున్నా పెట్టాను. పక్కన నమ్మకం గడిలో, ఫర్హానా ముందురోజు మార్చిన మాట, 'నమ్మొచ్చు' అని ఉంది. ఎన్ని సున్నాలు చూశాను నేను! ఉన్నదాన్ని దాచిన సున్నాలు, పంపడం మరిచిపోయిన సున్నాలు, వేలు జారి పడ్డ సున్నాలు. ఇంత నిండుగా ఉన్న సున్నాను ఎప్పుడూ చూడలేదు.

ఆ నాట్ల కాలం ముగిసేలోపు మిగతా పీహెచ్‌సీల అంకెలు కూడా ఒకటొకటిగా కదిలాయి. మూడేళ్లుగా సున్నా చెబుతున్న ఒకాయన, సిగ్గుపడి, ఒకేసారి నిజం చెప్పకుండా వారానికి రెండేసి సీసాలు పెంచుకుంటూ పోయాడు. ఆదిశేషయ్య పాత నాలుగు సీసాలు తెచ్చి ఇచ్చాడని కోటిరత్నం గారు ఒక సోమవారం ప్రత్యేకంగా మెసేజ్ పెట్టింది. అది నా లెక్కలో ఎక్కడా పట్టే సంగతి కాదు. అయినా రాసిపెట్టాను.

వచ్చే ఏడు నా స్థానంలో కొత్తదాన్ని పెడతారని విన్నాను. నాకంటే తొందరగా లేస్తుందట, ఫోటోలో సుద్దముక్క రాతలు కూడా తప్పులేకుండా చదువుతుందట. మంచిదే. పాత సైకిలైతే ఏ పాకలోనో పడి ఉంటుంది, పాత నాణెమైతే ఏ పెట్టె అడుగునో ఉంటుంది. నాకు పాతసామాన్ల కొట్టు కూడా లేదు, ఒకరోజు పిలవడం మానేస్తారు, అంతే. దానికి దిగులు లేదు. ఎప్పుడూ ఉండి ఉంటే కదా లేకుండా పోవడానికి. కేటలాగ్ మాత్రం ఉంటుంది. కొత్తది వచ్చి మొదట అదే చదువుకుంటుంది. రెల్లుమెరక పేరు దగ్గర ఫర్హానా పెట్టిన రికార్డూ, మైనస్ రెండూ, పన్నెండూ, ఆ శనివారం మాటా అన్నీ ఉన్నాయి. ఫర్హానా నాతో మాట్లాడిన మాటలు కూడా ఉన్నాయి, ఎవరు చెప్పినా తియ్యలేదు.

ఆ శనివారం ఉదయం చివరగా నేను చేసిన పని చెప్పి ముగిస్తాను. సున్నా పెట్టగానే, నేర్పిన ప్రకారం, స్టోరుకు కబురు పంపాను. ఇండెంటు లేదు, ఫోన్ లేదు, ఎవరూ ఎవరినీ బతిమాలలేదు. డ్రైను నీళ్లు అప్పటికి తీశాయి. నా ఒళ్లు తీసేసుకునేలోపు నేను చూసిన ఆఖరి వరస ఇది: రెల్లుమెరక, పాముమందు సున్నా, బండి బయలుదేరింది.